అడగరాని మాట

ఆ పొద్దున హాస్టల్ వార్డెన్ ధనలక్ష్మికి కాలు ఒక్కచోట నిలవడం లేదు.

పిల్లలు ప్రాణాలు తీసుకోకుండా ఎలా కాపాడుకోవాలో కాలేజీ స్టాఫందరికీ శిక్షణ. పట్టుబట్టి పెట్టించింది తనే!

కోవూరు పిల్ల మహాలక్ష్మి అన్నం ముట్టడం లేదు, గది దాటడం లేదు. ఆ దిగులు ధనలక్ష్మిని తినేస్తోంది.

"అనుమానమొస్తే చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, బరువు దిగుతుంది" అన్నాడు శిక్షణ ఇస్తున్న డాక్టర్ సుకుమార్.

"అయ్యో, తథాస్తు దేవతలుంటారు సార్! అంత మాట నోటికెట్ట వస్తుంది?" ధనలక్ష్మి చెవులు మూసుకుంది.

హాలంతా నవ్వింది.

వెనక వరసలోంచి నూలుచీర కట్టుకున్న ఒకామె లేచింది. "నేను పిల్లగా ఉంటా. నన్ను అడుగక్కా."

కొత్తగా చేరిన ఆయా కాబోలనుకుంది ధనలక్ష్మి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"నాకేం బాగలేదమ్మా. అందరికీ బరువైపోయినా."

"ఛ, అయ్యేం మాటలు మే! తినేసి పడుకో, అన్నీ సర్దుకుంటాయి."

"సరేమ్మా" అని ఆమె తల దించుకుంది. అంతలోనే తలెత్తి గదమాయించింది. "ఏదీ, అడగలేదే? మళ్ళీ అడుగు!"

ధనలక్ష్మి కళ్ళు గట్టిగా మూసుకుంది.

"చచ్చిపోవాలనిపిస్తా ఉందా తల్లీ?"

"ఉంది. ఎవురన్నా అడిగితే బాగుండునని చూస్తా ఉన్నా."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. "ఏం యాక్టింగక్కా! సినిమాల్లో చేరాల్సింది!" బస్సు డ్రైవర్ పెంచలకృష్ణ ఈల వేశాడు.

ధనలక్ష్మి భోజనానికి కూడా ఆగలేదు. ఆ ఊపులోనే గబగబా మెట్లెక్కి, మహాలక్ష్మి పక్కన కూర్చుని, అదే మాట అడిగేసింది.

పిల్ల ఆమెను కావలించుకుని భోరుమంది. కడుపులో ఉన్నదంతా చెప్పేసింది.

డాక్టరు పరుగున వచ్చి మాట్లాడాడు. తండ్రి కోవూరులో బయల్దేరాడు. తోడుగా కూర్చున్న స్నేహితురాలు కలిపిస్తే పిల్ల పెరుగన్నం తిన్నది కూడా!

ధనలక్ష్మికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"మా బంగారం దక్కింది సార్! ఏదీ ఆ అక్క? కాళ్ళకు దణ్ణం పెట్టాల."

"చిట్టమూరు బస్సుకు వెళ్ళిపోయిందమ్మా."

"అయ్యయ్యో! మీ మనిషేనా సార్? నాటకాలాడతాదా?"

"నాటకమంటే ఏమిటో తెలియదామెకు. పేరు నాగులమ్మ, చేపలమ్ముకుంటుంది. ఏ కాలేజీలో శిక్షణ పెట్టినా పిలవకుండానే వస్తుంది" అన్నాడు సుకుమార్.

"ఎందుకు సార్?"

"తన బిడ్డ బిందు అచ్చం అట్లాగే, అందరికీ బరువైపోయినానని అన్న రోజు, ఆ మాట అడగలేకపోయిన తల్లమ్మా ఆమె."