ఒక వేలు వదులు

భార్గవ్ దుకాణం తెరిచేసరికే తొండుపల్లి ఈరమ్మ గుమ్మంలో ఉంది. తలనుంచి నీళ్లింకా కారుతున్నాయి. కొంగుచాటున రాళ్లెక్కే బూట్ల జత.

"సారూ, గివే బూట్లు ఒక నంబరు తక్వవి ఇయ్యి."

బూట్ల అడుగులు గీరుకుపోయి ఉన్నాయి. "వాడినవి మార్చుకోమండీ. అయినా ఆ రోజు మీ అబ్బాయి చిన్నవే అడిగాడుగా?"

"మడమెనక ఏలు పట్టాలె గద సారూ. పెరిగే కాలాయె."

"మామూలు బూట్లకైతే అంతేనండీ. ఇవి మాత్రం కాలివేళ్లు ముడుచుకునేంత బిగుతుగా ఉండాలి. వదులైతే రాతి మీద పట్టు దొరకదు."

ఈరమ్మ అతను తీసిచ్చిన కొత్త బూటులో మడమ వెనక వేలు దూర్చి చూసింది. పట్టలేదు.

"గివే ఇయ్యి. పైసలిస్త."

"అబ్బాయిని తీసుకురండి. తొడిగి చూడకుండా ఇవ్వకూడదు."

"ఆడు గుట్ట మీదకెల్లి జారిపడ్డడు సారూ. ఇయ్యాల మూడొద్దులు. పొద్దుగాల పిట్టకు బువ్వ పెట్టినం. ఎంతసేపు నిలవడ్డా కాకి ముడ్తలేదు. కోరిక మిగిలిందంటున్నరు."

పాత బూట్లు బల్ల మీద పెట్టేసింది.

"బువ్వ ఇస్తారి కాడ వాళ్ల బాపు ఒక్కడే నిలవడ్డడు. జర జల్ది ఇయ్యి."