తొట్టి తాళం

“తాళంచెవి ఏదీ?” తనిఖీకొచ్చిన పై ఆఫీసరు రెండోసారి అడిగాడు.

ఎనభై మంది ఆడఖైదీలు నీళ్ళతొట్టి ముందు వరసగా నిలబడి నేలచూపులు చూస్తున్నారు. వార్డరమ్మ చూపు రంపం అనే ఖైదీ మీదికి పోయింది. ఆ చెవి ఉండవలసింది రంపం కొంగున. కొంగు ఖాళీగా వేలాడుతోంది.

మాటతోనే మనిషిని నిలువునా కోస్తుందని ఆ ఖైదీకి ఆ పేరు. మూడు నెలల క్రితం వరకూ తొట్టి దగ్గర ఏ కొట్లాటకైనా ఆమే మూలం. అప్పట్లో రోజుకు అరగంటే నీళ్ళు. ఎనభై బకెట్లూ ఒక్కసారే ఎగబడేవి. కొట్టుకున్నారని మర్నాడు పావుగంటకు కుదించేవారు. దాంతో ఇంకా కొట్టుకునేవారు. విడదీయబోయిన వార్డరమ్మ నుదుటి మీద నాలుగు కుట్ల మచ్చ అప్పటిదే.

కొత్త సూపరింటెండెంటమ్మ వస్తూనే తొట్టికి మూత చేయించి, తాళం వేయించి, చెవి తెచ్చి రంపం చేతిలోనే పెట్టింది.

“పగలంతా నీళ్ళుంటాయి. ఎవరికెన్నో మీలో మీరే తేల్చుకోండి” అంది.

దొంగ చేతికే తాళాలా అని వార్డరమ్మ ముక్కున వేలేసుకుంది. స్టోరు మూలల్లో వెతికి ఆ పాత తాళంకప్ప తెచ్చింది మాత్రం తనే. చిత్రం, ఆ రోజు నుంచీ తొట్టి దగ్గర చెంబు చప్పుడు కూడా గట్టిగా వినపడలేదు. మనిషికి రెండు బకెట్లు. ముందు ముసలివాళ్ళు, పిల్లతల్లులు. తాళం మహిమ! అదే లేకపోతే వీళ్ళు మనుషులు కారనుకునేది వార్డరమ్మ.

“ఖైదీ చేతికి ఇనప ముక్క ఇచ్చారు. ఏ దుప్పటి కింద దాన్ని కత్తిలా అరగదీస్తున్నారో!” ఆఫీసరు సూపరింటెండెంటమ్మ వైపు తిరిగాడు. “పది నిమిషాల్లో దొరక్కపోతే ఈ సాయంత్రం నుంచే పాత పద్ధతి. అరగంట నీళ్ళు. మీ సంగతి పైన తేలుస్తాం.”

“వెతుకు” అందామె వార్డరమ్మతో.

వార్డరమ్మ దుప్పట్లు దులిపించింది. సబ్బుపెట్టెలు బోర్లించింది. సంచులు గుమ్మరించింది. ఎక్కడా లేదు.

“ఎక్కడ పారేశావే తల్లీ?” రంపం చెవిలో గొణిగింది. “మళ్ళీ కుట్లు వేయించుకునే ఓపిక నాకు లేదే.”

“నా దగ్గర లేదక్కా.”

“అదే, ఎక్కడుందో ఏడువు!”

“నీకు పుణ్యముంటుంది, నన్నేం అడక్కక్కా.” రంపం గొంతు అంత మెత్తగా ఉండడం వార్డరమ్మ ఎన్నడూ వినలేదు.

అంతలో గలగలమని చప్పుడైంది. చివర నిలబడ్డ పిల్లతల్లి చంకలో పాప ఒక మూత డబ్బాను ఆడిస్తోంది. రోజూ వినే చప్పుడే. వార్డరమ్మ రోజూ నవ్వుకునే చప్పుడే. ఈరోజు మాత్రం వెళ్ళి ఆ డబ్బా లాక్కుంది. పాప గుక్కపట్టింది.

మూత తీస్తే రెండు గులకరాళ్ళు, ఒక గుండీ, తాళంచెవి!

“దొరికింది సార్!”

ఆఫీసరు అందుకున్నాడు. వేళ్ళకు ఎర్రగా తుప్పు అంటుకుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఎన్నాళ్ళ నుంచి ఉంది ఇది ఆ డబ్బాలో?”

పిల్లతల్లి రంపం వైపు చూసింది. రంపం కళ్ళు మూసుకుంది.

“పాప బోర్లా పడ్డప్పటి నుంచి సార్” అంది పిల్లతల్లి.

పాప ఇప్పుడు చక్కగా కూర్చుంటోంది. వార్డరమ్మ వేళ్ళ మీద లెక్కేసింది. మూడు నెలలు.

“మరి రోజూ తొట్టి ఎలా తీస్తున్నారు? తాళం పగలగొట్టారా?”

“అయ్యో, లేదు సార్.” రంపం ముందుకొచ్చి, మూతకు వేలాడుతున్న తాళంకప్పను రెండు వేళ్ళతో పట్టి కిందికి లాగింది. చెవి లేకుండానే అది ఊడి ఆమె చేతిలోకొచ్చింది.

“ఎప్పుడు పాడైందిది?” సూపరింటెండెంటమ్మ నెమ్మదిగా అడిగింది. “ఎంతమందికి తెలుసు?”

వరసలో అందరికన్నా ముందున్న ముసలామె తన బకెట్టు కిందపెట్టింది.

“ఆ తాళం మొదటి రోజు నుంచీ పడదమ్మా, మా అందరికీ తెలుసు.”