ఇంటికో అత్తరు

"కాదు," అన్నాడు ప్రభుదాసు, మూసిన కళ్లు తెరవకుండానే.

"జర నిదానంగ చూడు, కంపౌండర్ సాబ్. నాగర్‌కర్నూలు పెద్దింటోళ్లది ఇది. గులాబీ ఎనక వట్టివేరు తగుల్తది."

"గులాబీ ఉన్నది భాయ్. దాని ఎంబడి ఇంకోటి ఉండాలె. అదే లేదు."

జలాలుద్దీన్ దూదిముక్క పక్కన పడేసి సీసాకు మూత బిగించాడు. వనపర్తి బజారులోని అతని అత్తరు దుకాణానికి ప్రభుదాసు రావడం ఇది మొదటిసారి కాదు. గద్వాల మిషన్ దవాఖానలో కాంపౌండరు పని. సెలవు దొరికితే చాలు, రైలెక్కి ఇక్కడ వాలిపోతాడు. వాసన చూస్తాడు, కాదంటాడు, వెళ్లిపోతాడు. ఇలాంటి గిరాకీని ఏ దుకాణదారైనా గుమ్మంలోంచే సాగనంపుతాడు. జలాలుద్దీన్‌కు మాత్రం మనసొప్పలేదు.

ప్రభుదాసుకు తల్లి ముఖం గుర్తులేదు. కరువులో మిషన్ వాళ్లు గంజి పోసేచోట ఎవరో కూర్చోబెట్టి పోయారట. పేరు కూడా మిషన్ వాళ్లు పెట్టిందే. తల్లి ఒళ్లో ముఖం దాచుకున్నప్పటి గులాబీ వాసన ఒక్కటే గుర్తు.

ఆ ఒక్కటీ చాలునని జలాలుద్దీన్ నమ్మకం. అతని తండ్రి ఒక పద్ధతి పెట్టిపోయాడు. ఏ పెద్దింటికి చేసే గులాబీ అత్తరు ఆ ఇంటిదే. ఒకరికి వట్టివేరు, ఒకరికి మొగలి, ఒకరికి కుంకుమపువ్వు చేర్చి దేనికది వేరుగా తీసేవాడు. ఒకరిది ఇంకొకరికి ప్రాణం పోయినా ఇచ్చేవాడు కాదు. కొడుకూ అదే నడుపుతున్నాడు. కాబట్టి వాసన దొరికితే ఇల్లు దొరికినట్టే.

"గులాబీ అత్తరు పూసుకునే మనిషంటే ఏ దొరసానో అయ్యుంటది," అన్నాడు ప్రభుదాసు. "ఇంట్ల ఏం లొల్లయిందో, దాసితోని నన్ను పంపించేసింది."

"పెద్దిండ్లల్ల లొల్లులకేం తక్కువ," అన్నాడు జలాలుద్దీన్.

"లలితమ్మ నాయన మొన్న మళ్ల అడిగిండు భాయ్. నీదే ఇల్లు, మీ అమ్మెవరు అని. ఈసారి చెప్పకుంటే పిల్లను వేరేటోళ్లకిస్తడట." ప్రభుదాసు వరుసగా ఉన్న సీసాల మీదుగా చూపు తిప్పాడు. లలితమ్మంటే అతనికి ప్రాణం. "ఇంకెన్ని ఇండ్లున్నయి?"

"ఒక్కటే. ఉప్పునుంతల దొరలది. అది కొత్తపూలతోని తియ్యాలె. వచ్చే వారం రా."

వెనక వసారా తలుపు దగ్గర అలికిడయింది.

"సాబూ, మూతకు మన్ను మెత్తాల్నా?"

"ఆడ్నే ఉండు బాలనాగమ్మా! గిరాకున్నప్పుడు ముందరికి రావద్దని ఎన్నిసార్లు చెప్పిన? నీ మన్ను, పొగ వాసన కలిస్తె ఈ సీసల వాసనేం తెలుస్తది?"

గడప అవతలే ఆమె ఆగిపోయింది. తెల్లవారకముందే తోటలో పూలు కోయడం, ఆ పూలు ఉడికించే రాగి డేగిసా మూత చుట్టూ తడిమన్ను మెత్తడం, పొయ్యి ఎగదోయడం జలాలుద్దీన్ తండ్రి నాటి నుంచీ ఆమె పనులే. దుకాణం ముందుగది మాత్రం ఆమెది కాదు.

ప్రభుదాసు వెళ్లాక ఆమే అడిగింది.

"ఆ పిలగాడేంది సాబూ, కొననీకి రాడు, ఊకె వస్తుండు?"

"వాళ్లమ్మను దేవులాడుతుండు. కరువుల ఇడిచిపోయిందట. దొరసానే అంటుండు."

బాలనాగమ్మ మన్నులో పీచు కలిపి పిసికింది. "కరువుల పిల్లల్ని ఇడిచినోళ్లు శానమంది సాబూ," అంది. "అందరు దొరసానులేనా?"

"నీకెందుకు? పొయ్యి సూడు."

వారం తిరిగేసరికి ప్రభుదాసు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల. చూస్తే పెళ్లిచూపులకు బయల్దేరినట్టే ఉన్నాడు. ఒకరకంగా అంతే. ఇక్కడినుంచి తిన్నగా లలితమ్మ ఇంటికే పోవాలని అతని లెక్క.

"అయిందా భాయ్?"

"అయింది! కూసో," వసారాలోంచి కేకేశాడు జలాలుద్దీన్. ఇంకో వాయి పూలతో డేగిసా పొయ్యి మీద ఉంది. ఆవిరి పట్టే కుండ చుట్టూ నీళ్లు వేడెక్కితే సరుకంతా పోతుంది. అతను చెంబుతో చన్నీళ్లు పోస్తూనే ఉన్నాడు. "కండ్లు మూసుకో. వేరే ఆలోచన పెట్టుకోకు. బాలనాగమ్మా, గూట్లె ఉన్న సీస ఆయనకిచ్చి రా."

"ముందరికి పోవద్దంటివి గద."

"ఇయ్యాల్టికి పో. నేను లేస్తే పనంత చెడ్తది."

బాలనాగమ్మ మన్ను చేతులు కొంగుకు తుడుచుకుని సీసా తీసుకుని వచ్చింది. ప్రభుదాసు చాప మీద కళ్లు మూసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పరీక్షకు కూర్చున్న పిల్లాడిలా ఉన్నాడు. ఇది కూడా కాకపోతే ఇంకెక్కడికి పోవాలో అతనికి తెలియదు. ఆమె వంగి చెయ్యి చాచింది.

ప్రభుదాసు ఊపిరి బిగపట్టాడు. మళ్లీ గట్టిగా పీల్చాడు. మూసిన రెప్పల కింది నుంచి నీళ్లు కారాయి.

"ఇదే!" అన్నాడు. "భాయ్, ఇదే! మా అమ్మ వాసన ఇదే!"

"అల్లాకు షుకర్!" వసారాలోంచి జలాలుద్దీన్ గొంతు సంబరంగా వినిపించింది. "ఉప్పునుంతల దొరల బిడ్డవన్నమాట సాబ్! పో, పోయి చెప్పు లలితమ్మ నాయనకు!"

ప్రభుదాసు కళ్లు తుడుచుకుని లేచాడు. ఆమె చేతిలోని సీసా అందుకుని కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నాడు. ఎదురుగా ఉన్న మనిషిని సరిగ్గా చూడను కూడా లేదు.

"జర తొవ్వియ్యి పెద్దమ్మా, రైలు అందుకోవాలె."

ఆమె పక్కకు జరిగింది. ఏదో అడగబోయింది కానీ అతను అప్పటికే బజారు మలుపు తిరిగాడు.

ఆ సీసా మూత ఇంకా తియ్యనేలేదు.