సున్నపు చేయి

లాహోర్‌లోని ఆ ఆడపిల్లల కళాశాలలో, మెట్ల పక్క గోడ ముందు, ఆ మధ్యాహ్నం రిబ్బను కట్టలేదు.

రిబ్బను పాతబడిపోయిందట. అందుకని అతిథులకు తలా ఒక ఇనుప రేకు ఇచ్చారు, గోడ గీకడానికి.

గోడ నిండా సున్నం. సున్నం కింద ఉస్తాద్ తుఫైల్ ఖాజా వేసిన నిలువెత్తు స్త్రీ బొమ్మ. ఆడబొమ్మలు కూడదన్న జనరల్ గారి సైనిక పాలనలో ఆమె ముఖం మీద సున్నం పడింది. ఇన్నేళ్లకు, కెమెరాల సమక్షంలో, కళకు విముక్తి ప్రసాదించడానికి నగరంలోని పెద్దమనుషులందరూ ఇస్త్రీ దుస్తుల్లో విచ్చేశారు.

గులాబీ చాయ్ తిరుగుతోంది. సమోసాలు తిరుగుతున్నాయి.

నల్ల శాలువా కప్పుకున్న ఒక వృద్ధురాలు గుంపును తప్పించుకుంటూ నిర్వాహకురాలు మెహ్రీన్ దగ్గరకు వచ్చింది.

"బేటీ, గీకించకు. సున్నం కింద కాగితాలున్నాయి. తడి గుడ్డలు కప్పి రేపటిదాకా నాననివ్వు. ఒక్కొక్కటీ చిరగకుండా ఊడి వస్తుంది."

"మీరెవరు ఆపా?"

"నుద్రత్. ఇక్కడే డ్రాయింగ్ చెప్పేదాన్ని."

చాయ్ కప్పులు పెదవుల దగ్గరే ఆగిపోయాయి.

ఆ పేరు తెలియనివారు అక్కడ లేరు. గోడకు సున్నం పూసింది ఆమే. ఆమె మీద కవి హమ్దానీ రాసిన 'సున్నపు చేయి'ని పిల్లలు పరీక్షల కోసం బట్టీ పడతారు. జనరల్ గారు దేశాన్ని ఏలినన్నాళ్లూ ఆ మహాకవి లండన్‌లో నివసించి, అక్కడి నుండే తన ధైర్యాన్ని ప్రదర్శించారు.

ఈనాటి ముఖ్య అతిథి ఆయనే.

"వచ్చారా బీబీ!" అన్నాడు హమ్దానీ. "పద్యం రాసి ఎన్నేళ్లయిందో, దర్శనం మాత్రం ఇవాళ దొరికింది. ఏదీ, ఆ చెయ్యి ఇలా చాపండి. కెమెరా అబ్బాయ్, దగ్గరగా తియ్యి!"

నుద్రత్ చేతిని శాలువాలోకి లాక్కుంది.

"జనరల్ గారి మనుషులు వచ్చారు, మర్నాడు సమ్మెటలతో వచ్చి గోడ పగలగొడతామన్నారు సాహెబ్. మేమే సున్నం పూసేస్తే వదిలేస్తామన్నారు."

"అబ్బే! ఆ రోజుల్లో సున్నం పూసినవాళ్లందరికీ ఎవరో ఒకరు సమ్మెట చూపించారులెండి."

అందరూ నవ్వారు. నవ్వకపోతే బాగుండదని కొందరు కాస్త గట్టిగానే నవ్వారు.

"బొమ్మకేమీ కాదు. నా భయమంతా కాగితాల గురించే," అంది నుద్రత్.

"విన్నారా?" అంది ముత్యాల హారం వేసుకున్న ఒకావిడ. "ఖాజా సాహెబ్ బొమ్మ గురించి బెంగ లేదట, చిత్తు కాగితాల గురించి బెంగట! ఈవిడ మన ఆడపిల్లలకి బొమ్మలు నేర్పిందమ్మా! అసలు మీరు సొంతంగా ఎప్పుడైనా ఒక్క బొమ్మ వేశారా ఆపా?"

"వేశాను. చిన్న చిన్నవి. నేల మీద కూర్చుని, ఉడుత వెంట్రుకల కుంచెతో. ఉద్యోగం అయ్యాక మిగిలిన పొద్దంతా అదే పని."

"మరి ఎవరూ చూడలేదే! ఎక్కడ దాచారు?"

ఆమె జవాబు చెప్పబోయింది. అప్పటికే హమ్దానీ గొంతు సవరించుకున్నాడు.

"సున్నం అంటింది ఆ చేతికి,
మసి అంటింది చరిత్రకి..."

ముషాయిరాలో, కవుల సభలో, చేసినట్టే జనం మొదటి పాదాన్ని అందుకుని తిరిగి పలికారు, ఆమె ముఖంలోకి చూస్తూ. "వాహ్ వా! ముకర్రర్!" అని మళ్లీ చదివించుకున్నారు.

పద్యం అయ్యేదాకా ఆమె తల వంచలేదు. అయ్యాక మెహ్రీన్ వైపు తిరిగింది.

"ఒక్క రోజు ఆగు బేటీ. నీ కాళ్లు పట్టుకుంటాను. నా చేతులు వణుకుతున్నాయి, లేకపోతే నేనే తీసి ఇచ్చేదాన్ని."

"కెమెరాలు రేపటిదాకా నానవు ఆపా," అంది మెహ్రీన్. తర్వాత గేటు వైపు చూసి, "ఈ పెద్దావిడకి ఒక రిక్షా చూడండి," అని కేక వేసింది.

కాపలా మనిషి ఆమె భుజం పట్టుకుని నడిపించుకుపోయాడు.

మొదటి గీత హమ్దానీ గీశాడు. గొప్ప పద్యం విన్నట్టు అందరూ వాహ్ వా అన్నారు. తర్వాత ఒకరి మీద ఒకరు పడి గీకారు.

సున్నంతో పాటు కాగితాలు ఊడి పడ్డాయి. పొరలు పొరలుగా అతికి, గవ్వతో రుద్ది నునుపు చేసిన మందపాటి కాగితాలు. అట్టల్లా గట్టివి. ఇనుప రేకులకు ముక్కలు ముక్కలై, ఖరీదైన చెప్పుల కింద నలిగాయి.

వాటి వెనుక ఖాజా సాహెబ్ స్త్రీ చెక్కు చెదరకుండా నిలబడి ఉంది. ఆమె మీద ఒక్క సున్నపు చుక్క లేదు.

బొమ్మ మామూలుగా ఉంది. చప్పట్లు మాత్రం ఘనంగా మోగాయి.

"చూశారా!" అన్నాడు హమ్దానీ కెమెరాతో. "కళని ఎవరూ చంపలేరు!"

మధ్యలో ఆ కాగితాలు ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు.

మెహ్రీన్ మడమకు ఏదో అంటుకుంది. విసుక్కుంటూ వంగి పీకింది. పారేయబోతూ తిప్పి చూసింది.

ఇన్నాళ్లూ గోడవైపు తిరిగి ఉన్న కాగితపు ముఖం అది. దాని మీద ఒక స్త్రీ అరచేయి, అందులో గోరింటాకు తీగ. ఆ తీగకు ఆకులు, ఆకులకు ఈనెలు.

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. మరో ముక్క తిప్పింది. సగం చిలుక రెక్క. మరొకటి తిప్పింది. రెప్ప వెంట్రుకలు విడివిడిగా కనబడుతున్న కన్ను, సగానికి చిరిగి.

రంగులకు తగలకుండా, ప్రతి బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ అంచుకు మాత్రమే జిగురు రాశారు.

వెనుక హమ్దానీ మళ్లీ ఆ చేతి మీద పద్యం ఎత్తుకున్నాడు.

మెహ్రీన్ చేతిలోని ముక్కకు ఒక మూల ఆ తెల్లటి అంచు మిగిలింది. దాని మీద, ఆవగింజంత అక్షరాల్లో, సంతకం: నుద్రత్.