రెండువందల పన్నెండో ప్యాచ్

"దీన్ని ప్యాచ్ అంటారా అబ్బాయ్?" ఐలీ మాకెలా కళ్ళజోడు ముక్కు మీదికి దించి, లాప్‌టాప్‌ని బ్రెంట్ కొవాల్ వైపు తిప్పేసింది. "ఒక మాటలో ఒక అక్షరం చేర్చావు. అంతేగా?"

"తప్పుంది, దిద్దాను. అంతేగా ఏమిటండీ?"

కెనడాలోని థండర్ బే ఊళ్ళో ఆ కాఫీ కొట్లో గురువారం మధ్యాహ్నాలు కూర్చునేవాళ్ళంతా టామరాక్ మీద పని చేస్తారు. అది ఎవరి సొత్తూ కాని ఆపరేటింగ్ సిస్టమ్. ఎవరైనా దిద్దొచ్చు. దిద్దింది ప్యాచ్‌గా తయారుచేసి, ఎందుకు దిద్దారో రాసి, నడిపి చూసి పంపితే పెద్దవాళ్ళు పరిశీలించి కలుపుకుంటారు. ఐలీ ఇరవై ఏళ్ళుగా ఆ పెద్దవాళ్ళలో ఒకరు.

బ్రెంట్ ఇప్పటికి పంపినవి రెండువందల పదకొండు. ఒకచోట కామా పెట్టాడు. ఇంకోచోట ఎక్కువైన ఖాళీ తీసేశాడు. మరోచోట పెద్దక్షరాన్ని చిన్నది చేశాడు. ఉద్యోగం లేదు గానీ, రెజ్యూమెలో మొదటి వాక్యం మాత్రం "ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాత" అని ఉంది.

"టెంపరేచర్ అనే మాటలో అక్షరం ఎగిరిపోయి పదమూడేళ్ళయింది," అన్నాడు బ్రెంట్. "మీ మహామహులెవరికీ కనబడలేదు. నాకు కనబడింది."

"మాకూ కనబడింది. పట్టుకుని ఊరేగాలనిపించలేదు. నడిపి చూశావా?"

"స్పెల్లింగ్‌ని నడిపి చూడ్డమేమిటి?"

"మరి కింద 'పరీక్షించాను' అని రాశావే?"

"అందరూ రాస్తారు."

"అందరూ రాయరు నాయనా. నీలాంటివాళ్ళు రాస్తారు."

పక్క బల్ల దగ్గరవాళ్ళు కిసుక్కున నవ్వారు. బ్రెంట్ మొహం కందిపోయింది.

"మీకు కుళ్ళు. ఇరవై ఏళ్ళలో మీవి ఎన్ని? నలభై ఉంటాయా?"

"ముప్పై ఎనిమిది," అంది ఐలీ, తింటున్న బన్ను మీంచి వేళ్ళకంటిన గులాబీ రంగు పంచదార పూత తుడుచుకుంటూ. "వాటిలో ఒక్కటి పీకేసినా టామరాక్ లేవదు. నీ రెండువందల పదకొండూ పీకేసినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. నేను సంతకం పెట్టను. లే, ఆ కుర్చీ ఇంకొకరికి కావాలి."

బ్రెంట్ లేచాడు. ఇంటికెళ్ళి అదే ప్యాచ్‌ని వాంకూవర్‌లో ఉన్న ఇంకో పెద్దమనిషికి పంపాడు. ఆయనకి ఆ రోజు తీరిక లేదు. ఒక అక్షరమే కదా అని చూడకుండానే కలిపేశాడు.

నాలుగు నెలల తర్వాత బ్రెంట్ కాఫీ కొట్టుకి మళ్ళీ వచ్చాడు. కూర్చోలేదు. ఐలీ బల్ల ముందు నిలబడి, అందరికీ వినబడేలా ఫోన్‌లోంచి చదివాడు.

"'మిస్టర్ కొవాల్, మీరు టామరాక్‌లో చేసిన మార్పు మా కాగితం మిల్లు మీద ఎంత ప్రభావం చూపిందో మాటల్లో చెప్పలేం. మిమ్మల్ని స్వయంగా చూడాలని ఇక్కడ అందరూ పట్టుబడుతున్నారు. ఒకసారి రాగలరా? ఇట్లు, మారిస్ నబిగాన్, మిల్లు మేనేజరు.'"

ఐలీ ఫోన్ లాక్కుని తనే చదివింది. మళ్ళీ చదివింది.

"ఆ ఒక్క అక్షరానికా?"

"ఆ ఒక్క అక్షరానికే మేడమ్. విలువ తెలిసినవాళ్ళు కూడా ఉంటారు లోకంలో. మీ ముప్పై ఎనిమిదికి ఎవరైనా ఇలా రాశారా?"

ఐలీ ఫోన్ తిరిగి ఇచ్చేసింది. బ్రెంట్‌కి జన్మ ధన్యమైనట్టనిపించింది.

సోమవారం సూటు తొడుక్కుని, సరస్సు పక్క హైవే మీద రెండు గంటలు కారు నడుపుకుంటూ మిల్లుకి వెళ్ళాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు పైకే వల్లించుకున్నాడు. గేటు దగ్గర కాపలాదారు అతని పేరు వినగానే లేచి నిలబడ్డాడు. మారిస్ నబిగాన్ భారీ మనిషి. బ్రెంట్ చెయ్యి పట్టుకుని వెంటనే వదల్లేదు. మొహంలోకి చాలాసేపు చూశాడు.

"ఆ మార్పు చేసింది మీరేనా?"

"నేనే సార్."

"ఇంకెవరి చెయ్యీ లేదు కదా?"

"ఎవరిదీ లేదు. నిజం చెప్పాలంటే, ఒకావిడ ఆపాలని శతవిధాల ప్రయత్నించింది. నేను లొంగలేదు."

"ఆపాలని చూసిందా?" మారిస్ ఆ మాట నెమ్మదిగా అన్నాడు. "అయినా మీరు..."

"పట్టుదల సార్. పదమూడేళ్ళు ఎవరూ ముట్టుకోనిది నేను ముట్టుకున్నాను. మీకు ఇలాంటి మనిషి కావాలంటే, రేపటినుంచే చేరగలను."

మారిస్ అతని భుజం మీద చెయ్యి వేసి క్యాంటీన్‌కి నడిపించాడు. లోపల నూట యాభైమంది భోంచేస్తున్నారు. బ్రెంట్‌ని చూడగానే స్పూన్ల చప్పుడు ఆగిపోయింది. ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. బ్రెంట్ టై సవరించుకున్నాడు. తలవంచి ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు నమస్కరించాడు. ఎవరైనా మొదట చప్పట్లు కొడతారేమోనని చిరునవ్వుతో ఎదురుచూశాడు.

మారిస్ గొంతు సవరించుకున్నాడు.

"మీరంతా చూడాలన్న మనిషి ఈయనే. వేడెక్కిన మిషన్‌ని ఆపే మన ప్రోగ్రాం టామరాక్‌లోని 'టెంపరేచర్' అన్న మాటని ఆ తప్పు స్పెల్లింగుతోనే గుర్తుపట్టేది. దాన్ని దిద్ది, మూడో మిషన్‌ని కాల్చి, మిమ్మల్నందరినీ ఆరు వారాలు ఇళ్ళలో కూర్చోబెట్టిన మహానుభావుడు!"