మరూలా చెట్టు కింద చిరుత

“ఇవాళ కూడా చిరుత కనబడకపోతే రేపట్నుంచి నువ్వు లాడ్జి వంటింట్లో గిన్నెలు తోమాల్సిందేనన్నా. మేనేజరమ్మ మాట ఇది,” అన్నాడు సఫారీ జీపు నడిపే ఎఫ్రయిమ్.

ఖజామూలా జీపు దిగాడు. అడవిలో జీపు దిగే హక్కు జాడలు వెతికే అతనొక్కడికే ఉంది. లాడ్జివాళ్లు ఈ అడవికి కంచె వేయకముందు అతని తల్లిని ఇక్కడి మరూలా చెట్టు కింద పాతిపెట్టారు. అందుకే నెలకోసారి అక్కడ చిరుత జాడ ఉందని అబద్ధం చెప్పి దిగుతాడు. చెట్టు మొదట్లో ఆమెకిష్టమైన ముక్కుపొడుం చిటికెడు రాల్చి, ఇంటి కబుర్లు చెప్పి వస్తాడు. పొడుం ఎగరేసి గాలి ఎటు వీస్తోందో చూశానంటాడు ఎఫ్రయిమ్‌తో.

ఇవాళ చెట్టు కనబడగానే ఆగిపోయాడు. కింద చిరుత పడుకుని ఉంది. పొట్ట దగ్గర రెండు కూనలు.

వెనక్కి నడిచి వచ్చి ఎఫ్రయిమ్ పక్కన కూర్చుని చెట్టువైపు చెయ్యి చూపాడు. జీపు అటు పోగానే వెనక సీట్లలో టూరిస్టుల కెమెరాలు టకటకలాడాయి. ఎఫ్రయిమ్ రేడియోలో మేనేజరమ్మకి కబురు చెప్పి, జవాబు విని నవ్వాడు.

“నీ ఉద్యోగం నిలిచిందన్నా. ఇకమీదట అన్ని జీపులూ ఇక్కడికే. కానీ ఈ చెట్టు దగ్గర ఎవరూ దిగకూడదట, నువ్వు కూడా.”

ఖజామూలా తలూపాడు.

“ఇక గాలి చూసే పనేం లేదుగా. ఆ పొడుం ఇటియ్యి.”

ఖజామూలా పొట్లం ఇచ్చేశాడు.