దిగే రాకెట్

కొంగయ్య వెదురు రాకెట్లు కట్టి జంతువులను మబ్బుల దాకా పంపేవాడు. పైకెళ్ళినవాళ్ళు గొడుగు పట్టుకుని దూకేవారు. రాకెట్ మాత్రం కొండకు గుద్దుకుని ముక్కలయ్యేది. ప్రతిసారీ కొత్తది కట్టాలి కాబట్టి ఏనుగులు తప్ప ఎవరూ టికెట్ కొనలేకపోయేవారు.

మబ్బులు చూడాలని తాబేలమ్మకు చిన్నప్పటి నుంచీ ఆశ. "కాస్త ధర తగ్గించు బాబూ" అంది.

"అలాగే పిన్నీ, గొడుగు తీసేస్తాను."

"మరి దిగేదెలా?"

"దిగడం ఈ టికెట్‌లో రాదు."

తాబేలమ్మ తల అడ్డంగా ఊపింది. "ఎక్కడికెళ్ళినా నా ఇల్లు నేను వెంట తెచ్చుకుంటాను. నువ్వేమో రాకెట్‌ను పారేస్తున్నావు! ఆ గొడుగేదో పెద్దది చేసి రాకెట్‌కే కట్టు. నేనూ రాకెట్టూ కలిసే దిగుతాం."

కొంగయ్య అలాగే కట్టాడు. తాబేలమ్మ మబ్బులు చూసి, రాకెట్‌తో సహా చెరువులో మెత్తగా దిగింది. మర్నాడు అదే రాకెట్‌లో ఎలుకలు, కప్పలు ఎగిరాయి.

ఏనుగులు మాత్రం ముఖం చిట్లించాయి. "ఇంత చవకైతే ఎక్కడానికి మాకు నామోషీ!"